వాకిట్లో బండ

1946లో తిరుపతిలో ఒక చిన్న మ్యూజియానికి నేను క్యూరేటర్‌ని. అదేదో పెద్ద హోదా అనుకునేరు. కొత్తగా వచ్చిన ప్రతి వస్తువుకీ యాక్సెషన్ నంబరు, అంటే ఎన్నటికీ మారని గుర్తు, వేయడం దగ్గర్నుంచి విగ్రహాల దుమ్ము దులపడం దాకా అన్నీ నేనే. వాటిలో మంచివన్నీ చిత్తూరు దగ్గరి రైతు దొరసామిరెడ్డి గారు ఇచ్చినవే. తరతరాలుగా ఇంట్లో ఉన్న కంచు దీపలక్ష్మిని ఎద్దుల బండిలో గడ్డి పరిచి ఆయనే తెచ్చారు.

"మా ఇంట్లో ఈయమ్మను పదిమందే సూస్తాండారు. ఈడైతే ఊరంతా సూస్తాది" అన్నారు.

లేబుల్ మీద దాత పేరు రాస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. వచ్చినప్పుడల్లా ముందు నేను తిన్నానో లేదో అడిగేవారు. నాకు ఆయనంటే ప్రాణం.

ఆ ఎండాకాలంలో ఆయన పోయారు. హాల్లో గోడకి ఆయన పేరుతో చలువరాతి పలక పెట్టాలని కమిటీ పెద్దలు అనుకున్నారు. ఆయన భార్య మంగమ్మ గారిని అడగడానికి నేను వెళ్ళాను.

"గోడకెందుకు నాయనా? గుళ్ళో గడపకాడ బండలమీద పేర్లు సెక్కించుకుంటారు సూసినావా, వచ్చే పొయ్యేవాళ్ళ పాదధూళి పడాలని? పోయేముందు ఆయన అడిగింది అదొక్కటే. వాకిట్లో ఎయ్యండి. అందురూ తొక్కాల."

పెద్దలు ముఖం చిట్లించినా ఆమె మాట కాదనలేకపోయారు. రాతిపని చేసే మునెప్ప బండ మీద పేరు చెక్కి వాకిట్లో పరిచాడు.

తీరా చూస్తే ఒక్కరూ తొక్కలేదు. అక్షరం సరస్వతి కదా! కొందరు దాటారు, కొందరు పక్కనుంచి ఒదిగి వచ్చారు. ఒక ముసలమ్మ బండను ముట్టుకుని కళ్ళకద్దుకుంది. "తొక్కమ్మా, పరవాలేదు" అంటే నన్ను కొట్టేలా చూసింది.

మంగమ్మ గారు అరుగు మీద కూర్చుని పొద్దంతా చూశారు. సాయంత్రానికి ఆమె కళ్ళు చెమర్చాయి.

"దండాలు పెట్టించుకునేదానికా నాయనా ఆయన అడిగింది? ఒక్క పాదమన్నా పడలేదే" అన్నారు. వెంటనే మునెప్పను పిలిపించారు. "బండను తిరగేసి పరుసప్పా."

"తిరగేస్తే పేరు కనపడదు గదమ్మా!"

"కనపడాలని ఆయనకు యాడుండాది? పేరు కిందుండాల, కాళ్ళు పైన పడాల."

మర్నాడు కొండ దిగివచ్చిన యాత్రికులు, గుండ్లకు గంధం పూసుకున్న పిల్లలు, సంకల్లో మూటలతో ఆడవాళ్ళు, అందరూ ఆ బండ తొక్కుకుంటూనే లోపలికి వచ్చారు. మంగమ్మ గారు మాత్రం తొక్కలేదు. జనం పలచబడ్డాక వంగి, బండ మీది దుమ్ము వేలితో తీసి కళ్ళకద్దుకున్నారు. అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు.

దాతను తలుచుకోవడమంటే ఆయన పేరు నలుగురి చేత చదివించడమే అనుకునేవాణ్ణి. ఆయన కోరింది జరగనివ్వడమని ఆమె దగ్గర నేర్చుకున్నాను. అక్కడ పనిచేసినన్నాళ్ళూ వాకిలంతా శుభ్రంగా ఊడ్పించాను గానీ, ఆ బండ మీద మాత్రం చీపురు పడనివ్వలేదు.