మూడు చదరపు అడుగులకు ఎరువు

పోయినవి ముందు రాస్తాను. గప్పీ చేపలు పదకొండు. నత్తలు నాలుగు. వేళ్లతో సహా కుళ్లిన మొక్కలు తొమ్మిది. అన్నీ మా అక్క చేపల తొట్టిలోవి, అన్నీ నా చేతిమీదుగా పోయినవి.

అక్కది చోడవరంలోనే, మా వెనక వీధి. కంటి ఆపరేషనుకు విశాఖపట్నంలో కూతురి దగ్గరకు వెళ్తూ నలభై రోజులు తొట్టి చూడమంది. రోజుకు రెండు చిటికెల మేత, అంతే పని. పదో రోజుకు ఆకులు పసుపు తిరుగుతున్నట్టు అనిపించింది. చెరకు మడికి ఎంత ఎరువు పడుతుందో రైతులు నన్నే అడుగుతారు కాబట్టి, దీనికీ నేనే లెక్క కట్టాను. ఎకరాకు రెండు బస్తాల యూరియా, అంటే తొంభై కేజీలు. ఎకరం అంటే నలభై మూడు వేల ఐదువందల అరవై చదరపు అడుగులు. తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఆరు గ్రాములు తేలింది. తూచి మరీ వేశాను.

ఎరువు వేసిన మూడో రోజుకు పదకొండు చేపలు వెల్లకిలా తేలాయి. ఆ పూటే సగం నీళ్లు మార్చాను. అయినా వారంలో నీళ్లు పచ్చబడి, ఆకులకు జుట్టులాంటి పాచి పట్టింది. మా ఆవిడ చూడటానికి వచ్చి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగింది.

"సెరుకు నరకడానికి మేస్త్రీకి కబురెట్టమంటారా?"

తప్పు ఎక్కడుందో అప్పటికే తెలిసింది. మడిలో నీళ్లు ఇంకుతాయి, పారుతాయి. తొట్టిలో తొంభై లీటర్లు ఎక్కడికీ పోవు. నేను పొడవు, వెడల్పు కొలిచానే గాని నీటిని కొలవలేదు.

మిగిలినవి ఐదు చేపలు. వాటిలో ఆడది ఒక్కటే. అది పోతే అక్క నాలుగేళ్లుగా పెంచుతున్న సంతు, ఆ వంశం, అక్కడితో ఆగిపోతుంది. అనకాపల్లి దుకాణదారు పాచిని చంపే మందు ఉందన్నాడు, చేపలు తట్టుకుంటాయో లేదో చెప్పలేనన్నాడు. కొనలేదు. అక్క రావడానికి ఇరవై రోజులుంది. మందు లేకుండానే పాచిని వదిలించాలి.

రెండు రోజులకోసారి సగం నీళ్లు తీసి, ముందురోజు బకెట్లలో పట్టి ఉంచినవి పోశాను. నీళ్లలో మిగిలిన ఎరువు మూడు గ్రాములు ఒకటిన్నర అయింది, ఒకటిన్నర ముప్పావు అయింది. కిటికీకి గోనెపట్టా కట్టాను. పన్నెండు గంటలు వెలుగుతున్న లైటును ఐదు గంటలకు తగ్గించాను. రోజూ పొద్దున్నే చీపురుపుల్లకు పాచిని చుట్టి చుట్టి లాగాను. మిగిలిన ఎరువును తినడానికి చీడికాడ వైపు చెరువులోంచి అంతరతామర పది మొక్కలు తెచ్చి, కడిగి, పైన తేలనిచ్చాను. ఇలా మొదలుపెట్టిన పద్నాలుగో రోజు తొట్టి వెనక గోడ మీది పగులు నీళ్లలోంచి కనిపించింది. ఐదు చేపలూ ఉన్నాయి.

అక్క నల్లకళ్లద్దాలతోనే వచ్చి, కుర్చీ తొట్టి దగ్గరకు లాక్కుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"పదకొండు తక్కువున్నాయిరా."

దాచకుండా అంతా చెప్పి, బజార్లో కొని తెస్తానన్నాను.

"బజారువి నాకెందుకురా? అవి ఏరే సంతు. ఈ తొట్టిలో పుట్టి, అంగుళం ఎదిగినవే పదకొండు నాకియ్యి. అందాకా మేత నువ్వే ఎయ్యి."

ఒప్పుకున్నాను. మొదటి కాన్పులో పద్దెనిమిది పిల్లలు. పాచితోపాటు నేను కుళ్లిన మొక్కలు కూడా లాగేసినందువల్ల దాక్కునే చోటు లేక, పెద్ద చేపలే పదహారింటిని తినేశాయి. అందుకని మళ్లీ మొక్కలు నాటాను, ఈసారి ఎరువు లేకుండా. అంగుళం దాటిన ప్రతి పిల్లనూ అక్క స్కేలు పట్టి ఒప్పుకున్నాకే బాకీలోంచి కొట్టేస్తున్నాను. రోజూ రెండు పూటలా వెళ్తున్నాను. ఇప్పటికి ఎనిమిది తీరాయి. ఇంకా మూడు చేపలు బాకీ.