మొదటి ఉత్తరం మీద ఎర్రముద్ర

2020 ఫిబ్రవరిలో మా కన్సల్టెన్సీ కంపెనీ నన్ను షార్జా సైట్ ఆఫీసు నుంచి దుబాయ్ ప్రధాన కార్యాలయానికి సీనియర్ డాక్యుమెంట్ కంట్రోలర్‌గా బదిలీ చేసింది. అప్పటికి పదిహేడేళ్ళుగా నేను చేస్తున్నది అదే పని. ఒక భవనం లేచేలోపు వేల డ్రాయింగులు వస్తాయి, ఒక్కొక్కటి నాలుగైదుసార్లు మారుతుంది. మొదట వచ్చినది రివిజన్ సున్నా, తర్వాతది ఒకటి, ఆపైది రెండు. కొత్తది రాగానే పాతదాని మీద ‘సూపర్‌సీడెడ్’ అని, అంటే ఇది ఇక చెల్లదని, ఎర్రముద్ర కొట్టి సైట్‌లోంచి తీయించాలి. తీయించకపోతే ఎవరో ఫోర్‌మన్ పాత కాగితం చూసి గోడ కట్టించేస్తాడు. నా సర్వీసులో అలా కట్టి పగలగొట్టిన గోడలు రెండున్నాయి. రెండూ నా చేతిమీదుగా వెళ్ళిన కాగితాల వల్ల కాదు. ఈ మాట అడక్కపోయినా అందరికీ చెప్పే అలవాటు నాకు ఉండేది.

కొత్త ఆఫీసులో నా పైఅధికారి ప్రాజెక్ట్ డైరెక్టర్ రోజర్. అరవైకి దగ్గర పడిన ఇంగ్లీషాయన. ఉత్తర ఇంగ్లండులో థార్న్‌బెక్ అనే చిన్న ఊరు ఆయనది. ఆ ఊరివాళ్ళు కొందరు కలిసి తమ ఊరి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. ముసలివాళ్ళ చేత పాత సంగతులు రాయించి పోగుచేస్తున్నారు. వాటిలో తన వాళ్ళు రాసినవి, తెలిసినవాళ్ళు పంపినవి రోజర్ దగ్గర రెండు ప్లాస్టిక్ పెట్టెల నిండా ఉన్నాయి. ఖాళీ ఉన్నప్పుడు వీటికో రిజిస్టరు తయారుచేయమని ఆయన నన్ను అడిగారు. ఎలా చేయాలని అడిగితే, మన డ్రాయింగుల్లాగే చూడమన్నారు. ఆ మాట నేను అక్షరాలా పట్టుకున్నాను.

పని విసుగ్గానే మొదలుపెట్టాను. ఒక వంతెన వెడల్పు గురించి ఐదుగురు ఐదు రకాలుగా రాశారు. ఉన్ని మిల్లు కూత ఉదయం ఎన్నింటికి వేసేవాళ్ళన్న దాని మీద ఇద్దరు అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. అయితే ఊరి రొట్టెల భట్టీ గురించిన కాగితాలు మాత్రం కూర్చోబెట్టి చదివించాయి. ఆదివారం ప్రార్థనకు వెళ్ళేముందు అందరూ మాంసం, దుంపలు రేకు పళ్ళేల్లో సర్ది ఆ భట్టీలో పెట్టించేవాళ్ళట. తిరిగొచ్చేసరికి వంట తయారు. మా చిన్నప్పుడు కాకినాడలో పిండి, నెయ్యి, పంచదార పట్టుకెళ్ళి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకునేవాళ్ళం. మన రేకు మనకే వస్తుందో లేదోనని అక్కడే నిలబడి కాపలా కాసేవాళ్ళం. అందుకని ఆ వ్యవహారం నాకు వెంటనే అర్థమైంది.

ఆ భట్టీ రోజర్ తాతగారిది. తాతగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె డొరతీ, రోజర్ తల్లి. చిన్నామె మార్గరెట్, ఆయన పిన్ని. యుద్ధం అయిపోయిన కొత్తలో, మాంసం ఇంకా కూపన్ల మీద ఇస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం ఊరంతటి పళ్ళేలూ భట్టీలో మాడి బొగ్గయిపోయాయి. వారమంతటికీ దొరికిన మాంసం అది. తప్పు పదేళ్ళ మార్గరెట్‌దని తేలింది. మెగ్ అన్నది మార్గరెట్‌కి పొట్టిపేరు; ఆ రోజు నుంచి ఊళ్ళో ఆమె పేరు మాడు మెగ్. పెళ్ళయింది, బడిలో టీచరైంది, మనవలు పుట్టారు. పేరు మాత్రం పోలేదు. పుస్తకంలో ఆ అధ్యాయానికి శీర్షిక కూడా అదే పెట్టారు, నవ్వుకోవడానికి.

ఆ రోజు గురించి డొరతీ రెండేళ్ళలో నాలుగు ఉత్తరాలు రాశారు. నాలుగింటికీ పైన ఒకటే శీర్షిక, లోపల ఒకటే సంగతి, వివరాలే వేరు. నా లెక్కలో అవి ఒకే డాక్యుమెంటుకి నాలుగు రివిజన్లు. మొదటి మూడింటి మీద ఎర్రముద్ర కొట్టాను. మార్చిలో ఆఫీసు చిన్న ఫ్లోర్‌కి మారుతున్నప్పుడు చెల్లని కాగితాలన్నీ తునకలు చేసే కంపెనీకి పంపమని ఆర్డరు వచ్చింది. డ్రాయింగులకైతే కంప్యూటర్‌లో కాపీ ఉంటుంది కాబట్టి కాగితం పోయినా ఫరవాలేదు. ఉత్తరాలకు కాపీ లేదన్న సంగతి నాకు తట్టలేదు. జాబితా టైపు చేసి రోజర్ ముందు పెట్టాను. ఆయన చదవకుండా సంతకం చేశారు. మొత్తం తొమ్మిది బస్తాలు సీలు వేసి పంపాను.

మే నెలలో డొరతీ వృద్ధాశ్రమంలో కరోనాతో పోయారు. విమానాలు లేవు. తల్లి అంత్యక్రియలు రోజర్ ఫోన్‌లో చూశారు. జూన్ మొదట్లో ఆయన నాకు ఫోన్ చేసి, అమ్మ రాసిన మొదటి ఉత్తరం స్కాన్ చేసి పంపమన్నారు. ఆయనకు పిన్ని ఫోన్ చేసిందట. కిందటి చలికాలంలో మీ అమ్మ నాతో చెప్పింది, మొదటి ఉత్తరంలోనే నిజం నీకు రాసి పంపానని. నాకు సానుభూతి అక్కర్లేదు, ఆ కాగితం పంపు, పుస్తకం జూలైలో అచ్చుకి వెళ్తుంది అందట. ఎనభైనాలుగేళ్ళ మనిషి. రోజర్‌కి ఆ ఉత్తరంలో ఏదో వేరేగా ఉన్నట్టు గుర్తుందిగానీ ఏమిటో గుర్తు లేదు.

నాకు గుర్తుంది. రిజిస్టరు రాస్తూ చదివాను. భట్టీ చూసుకోవలసింది పద్నాలుగేళ్ళ డొరతీయే. స్నేహితురాలి కొత్త సైకిలు చూడడానికి వంతెన దాకా వెళ్ళింది. వెళ్తూ చెల్లెలితో, నేను వచ్చేదాకా తలుపు ముట్టుకోవద్దని చెప్పింది. చెల్లెలు ముట్టుకోలేదు. పొగ వస్తున్నా ముట్టుకోలేదు. నాన్న వచ్చాక డొరతీ, పళ్ళేలు తీయమని దానికి చెప్పి వెళ్ళానంది. రెండో ఉత్తరం నుంచి ఈ సంగతి లేదు. మార్గరెట్ నిద్రపోయిందని ఊళ్ళో చెప్పుకునే కథే ఉంది.

రిజిస్టరు తెరిచి చూశాను. మొదటి ఉత్తరం ఎదురుగా సూపర్‌సీడెడ్, డిస్పోజ్డ్, అంటే చెల్లదు, పారేశాం అని ఉంది.  రోజర్‌కి ‘వెతుకుతున్నాను’ అని మెసేజ్ పెట్టాను. వెతికానా అంటే, లేదు. ఐదు రోజులు కూర్చుని ఒక మెయిల్ తయారుచేశాను. ఏ నిబంధన ప్రకారం చేశానో, ఎవరి సంతకం ఉందో, తేదీలతో సహా. ఒక పేరా దిద్దుతాను, లేచి వంటింట్లోకి పోతాను, మళ్ళీ వచ్చి అదే పేరా దిద్దుతాను.  మా ఆయన చూసి చూసి, “ఆయన సంతకం ఉందంటున్నావుగా. ఇంకెందుకే ఈ కాలుగాలిన పిల్లి తిరుగుడు? పంపేసి కూర్చో” అన్నారు. పంపలేకపోయాను. ఎందుకో నాకే తెలియలేదు.

ఆరో రోజున తునకల కంపెనీకి ఫోన్ చేశాను. వాళ్ళ యార్డు షార్జాలో సజ్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. సీలు వేసిన బస్తా విప్పాలంటే పంపిన కంపెనీ తరఫు మనిషి స్వయంగా రావాలన్నారు. ఆ అధికారం కాగితాల మీద నాదే. మాస్కు, గ్లవ్స్ తొడుక్కుని టాక్సీలో వెళ్ళాను.

రేకుల షెడ్డు కింద సూపర్‌వైజర్ లింగయ్య కనిపించాడు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. నేను ఫోన్‌లో మా ఆయనతో తెలుగు మాట్లాడడం విని, “తెలుగోల్లేనా అక్కా? నాతోని ఫోన్ల హిందీ మాట్లాడితిరి, మలబారీ అనుకున్న” అన్నాడు. తొమ్మిది బస్తాల సంగతి అడిగాను.

“మార్చిల అచ్చినయి. గప్పుడే కరోనాకు మిషన్ బందాయె. మొన్న మంగళవారం మల్ల చాలూ జేసినం. మీయి నాలుగు ఖలాస్. అయిదున్నయి.”

మంగళవారం నేను మెయిల్‌లో మూడో పేరా దిద్దుతున్నాను. రోజర్ ఫోన్ చేసింది అంతకు ముందురోజు.

ఐదు బస్తాలూ విప్పించాను. ఎండ నలభై ఐదు దాటింది, రేకుల కింద ఇంకా ఎక్కువ. నీలం సిరా, చేతిరాత, గీతల కాగితం అని చెప్తే లింగయ్య కూడా పక్కన కూర్చుని తిరగేయడం మొదలుపెట్టాడు. పోయింది పాస్‌పోర్టా అని అడిగాడు. ఒక ముసలావిడ రాసిన ఉత్తరమని చెప్పాను.

“మీకేమైతది గామె?”

“ఏమీ కాదు. చూడనైనా చూడలేదు.”

“మరి గింత ఎండల గిదేం పని అక్కా?”

చెప్పాను. భట్టీ, మాడిన పళ్ళేలు, పిల్లకు పడిన పేరు. అతను చేతిలో కాగితాలు ఆపేసి విన్నాడు.

“మా నాయినకు గొర్లదొంగ అని పేరువెట్టిన్రు. గొర్లు తెల్లారి వాగు కాడ దొరికినయి. పేరు మాత్రం పోలే. నేను దుబాయ్ అచ్చి పద్దెనిమిదేండ్లాయె. ఇప్పటికీ సుట్టీల ఇంటికి వోతే, గొర్లదొంగ కొడుకచ్చిండంటరు.” పక్క బస్తా మీద చెయ్యేసి, “యల్లా, ఇంకో బస్తా ఇప్పుదాం” అన్నాడు. తిండికి కూడా లేవలేదు.

రెండో ఉత్తరం దొరికింది. మూడోది దొరికింది. మొదటిది దొరకలేదు. చివరి బస్తా అడుగు దులిపాక అతను నా వైపు చూడకుండా, “మంగళవారం కంటె ముందుగాల రావల్సుండె అక్కా” అన్నాడు. నిందించలేదు, ఉన్నమాట అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

తిరిగి టాక్సీ ఎక్కాను. ఆ మెయిల్ ఎందుకు పంపలేకపోయానో అప్పుడు తెలిసింది. తలుపు ముట్టుకోవద్దని చెప్పి, తర్వాత చెల్లెలి మీదికి తోసిన ఆ పద్నాలుగేళ్ళ పిల్ల చేసిన పనే నేనూ చేయబోయాను. నాకు వయసు యాభై ఎనిమిది, చేతిలో సంతకం చేసిన ఫారం ఉంది, అంతే తేడా. ఇంటికి చేరగానే మెయిల్ తీసేసి రోజర్‌కి ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను, ఐదు రోజులు ఏం చేశానో కూడా.  ఆయన అంతా విని, సంతకం తనదే కదా అన్నారు. పిన్నికి ఆఫీసు మారడంలో పోయిందని చెప్పేస్తానన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. కానీ అలా అంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది, పేరు మాత్రం మార్గరెట్‌కే మిగులుతుంది. ఆమెతో నన్నే మాట్లాడనివ్వమని అడిగాను. పై అధికారి మాటకు ఎదురు చెప్పడం నా సర్వీసులో అదొక్కసారే.

వీడియో కాల్‌లో మార్గరెట్ నిటారుగా కూర్చుని ఉన్నారు. నేను చేసినది చెప్పాను. క్షమాపణ అడిగాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, మా అక్క రాసిన వాక్యం ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు.

మూడు ఠావులు, రెండువైపులా రాత, అందిన తేదీ, రిజిస్టరు సంఖ్య, కుడిమూల టీ మరక. అన్నీ గుర్తున్నాయి. వాక్యం గుర్తు లేదు. ఆ క్షణంలో ఒక మంచి వాక్యం అల్లి చెప్పేద్దామనిపించింది. చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. నోటిదాకా వచ్చింది. మింగేసి, వాక్యం గుర్తు లేదమ్మా, సంగతి గుర్తుంది అన్నాను. అదే చెప్పమన్నారు.

సైకిలు గురించి చెప్పాను. వంతెన గురించి చెప్పాను. వెళ్తూ మీ అక్క మీతో, తలుపు ముట్టుకోవద్దని అన్నానని రాశారు అని చెప్పాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపారు. ఆ మాట ఆ రోజు నాన్నతో చెప్పాను, ఆయన నమ్మలేదు, ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా చెప్పలేదు అన్నారు. దుబాయ్‌లో కూర్చున్న నీకు అది తెలియడానికి ఇంకో దారి లేదు అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత టీచరు గొంతుతో, ఇదంతా రాసి సంతకం పెట్టి పంపు, ఉత్తరం ఎందుకు లేదో, ఎవరివల్ల లేదో అది కూడా రాయి, దాచావంటే మిగతాది ఎవరూ నమ్మరు అన్నారు.

రాసి పంపాను. ఒక పేజీ. ఒక్క రివిజన్ కూడా లేకుండా.

పుస్తకం ఆ ఏడాది చివర్లో పోస్టులో వచ్చింది. అధ్యాయం శీర్షిక మారింది. మార్గరెట్ తలుపు తీయలేదు, తీయవద్దని చెప్పారు కాబట్టి అని మొదటి వాక్యం. కింద నా వాంగ్మూలం, నా పేరు, నా హోదా, ఉత్తరాన్ని నాశనం చేసింది నేనేనన్న మాటతో సహా.

ఆ తర్వాత రెండేళ్ళు పనిచేసి 2022లో రిటైరయ్యాను. ఆ రెండేళ్ళలో చేతిరాత కాగితం దేని మీదా ఎర్రముద్ర కొట్టలేదు, నా కిందివాళ్ళను కొట్టనివ్వలేదు. డ్రాయింగులో ఆఖరి రివిజనే చెల్లుతుంది, ఎందుకంటే గోడ దాని ప్రకారమే లేస్తుంది. మనుషులు తమ గురించి తాము రాసుకున్న వాటికి ఆ నియమం వర్తించదు. ఆఖరిది ఆఖరున రాసినది, అంతే. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ప్రొసీజర్ ప్రకారం చేశానని రుజువు చేసుకునే ఐదు రోజుల్లో, చేసినదాన్ని దిద్దుకునే అవకాశం పోవచ్చు.

తన ఊరికి వెళ్ళొచ్చాక రోజర్ ఒక సంగతి చెప్పారు. మాడు మెగ్ అని ఇప్పుడు ఎవరూ అనడం లేదట. ఆ కథ వచ్చినప్పుడు నన్ను తలుచుకుంటున్నారట, ఉత్తరం తునకలు చేయించిన దుబాయ్ ఆవిడ అని. చెప్పి, మార్పించమంటావా అని నొచ్చుకుంటూ అడిగారు. అలవాటు కొద్దీ ఆ పేరును మాటమాటా సరిచూసుకున్నాను. దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.