జీపొచ్చిన రోజు కట్టెలకు పోయినవాడు

భద్రాచలం అవతల, చర్ల దాటాక రోడ్డు ఉందని చెప్పడం ఒక మర్యాద. ఆ మర్యాద ముగిసేచోట ఉన్న హాస్టల్లో నేను తొంభైల మొదట్లో తాత్కాలిక టీచరుగా పనిచేశాను. మాది కొత్తగూడెం. మా ఇంట్లో మగవాళ్లంతా బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు. నేనొక్కణ్ని అడవిలోకి దిగాను. మా అమ్మ దృష్టిలో రెండూ ఒకటే: అన్నం డబ్బా సర్ది పంపాలి, తిరిగొచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ ఉండాలి.

హాస్టల్లో ఎక్కువమంది చుట్టుపక్కల గూడేల పిల్లలు. కొందరు మాత్రం సరిహద్దు అవతలి నుంచి, అప్పటి మధ్యప్రదేశ్ అడవుల్లోంచి నడిచి వచ్చిన కుటుంబాల పిల్లలు. వాళ్ల ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయో మేం అడిగేవాళ్లం కాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాడికీ ప్రమాదమే, విన్నవాడికీ ప్రమాదమే. ఆఫీసు కాగితాలు మాత్రం వాళ్లను 'వలస వచ్చినవారు' అనేవి. కాలుతున్న ఇంట్లోంచి పరిగెత్తినవాడూ మిరపకాయలు ఏరడానికి వచ్చినవాడూ ఒకే మాటలో పట్టేస్తారని అక్కడే నాకు తెలిసింది.

వాళ్లలో ఒకడికి పదహారేళ్లుంటాయి. తండ్రి లేడు, ఊరు లేదు. ఉన్నది ఒక అక్క. ఆమె సంసారం పోడు కొట్టుకున్న చోట ఒక గుడిసెలో ఉండేది. ఆ గుడిసెను అటవీ సిబ్బంది పీకేస్తే మరో చోట వేసుకున్నారు. అక్కడా పీకేశారు. అందుకే తమ్ముణ్ని తెచ్చి మాకు అప్పగించింది. మావాడు నెమ్మదస్తుడు, లెక్కలు బాగా చేసేవాడు. కానీ వంటింట్లో గిన్నె జారిపడితే చాలు, పలక అక్కడే వదిలేసి అడవిలోకి పరిగెత్తేవాడు. పట్టుకోబోతే కొరికేవాడు. వాచ్‌మన్ ముంజేతి మీద పళ్ల గుర్తులు చక్కగా, వరస తప్పకుండా పడ్డాయి. ఒకరోజు బయట ఏదో బండి టైరు పేలితే కిటికీ అద్దంలోంచి చేతులు పెట్టి దూకబోయాడు. రెండు చేతులూ తెగాయి.

వార్డెన్ సారు నిర్ణయం ప్రకటించేశాడు.

"వచ్చే వారం ఆళ్ల అక్కను పిలిపించి అప్పజెప్తున్న. నాతోని కాదు."

"అక్కకే ఇల్లు లేదు గద సార్."

"అయితే ఏందయ్యా, నేను కట్టియ్యాల్నా? రేపు పిలగానికి ఏమన్నయితే నా మెడకు పడతది, నీకు గాదు."

సరిగ్గా ఆ వారంలోనే కబురొచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక మానసిక వైద్యురాలు వస్తున్నారు. గొడవల్లోంచి తప్పించుకొచ్చిన పిల్లలతో పనిచేసే టీచర్లకూ వార్డెన్లకూ సలహాలివ్వడమే ఆవిడ పని. పిల్లల కోసం కాదు, మాకోసం. అంటే మా బుర్రల్లో లేనిదాన్ని ఎవరో జీపులో వేసుకుని తెస్తున్నారన్నమాట. నాకు నమ్మకం కుదరలేదు గానీ, ఆశ మాత్రం పుట్టింది. ఆ కుర్రాడి గురించి అడగడానికి ఒక మనిషి దొరికింది.

అయితే ఆవిడ జీపులో వస్తోంది. కొంపలంటుకున్నది అక్కడే.

మా హాస్టల్‌కు జీపు రావడమంటే తనిఖీ. మరో పనికి కూడా జీపులు వస్తాయన్న సంగతి అక్కడెవరికీ తెలియదు. జీపు వస్తోందంటే దారి పక్క రాళ్లకు సున్నం పడేది, పిల్లల తలలకు నూనె పడేది, మధ్యాహ్నం అన్నంలో గుడ్డు పడేది. ఇవన్నీ బాహాటంగా జరిగేవి. బాహాటంగా జరగనిది కట్టెల జట్టు. గజ్జి ఉన్నవాళ్లు, దగ్గు ఆగనివాళ్లు, ఏదడిగినా నిజం చెప్పేసే జబ్బు ఉన్నవాళ్లు ఆ పూట వంటకట్టెల కోసం అడవికి పోవాలి. జీపు లేపిన దుమ్ము అణిగాక తిరిగి రావాలి. వచ్చిన అధికారి ఆరోగ్యంగా నవనవలాడుతున్న హాస్టల్‌ను చూసి, గుడ్డు రుచిగా ఉందని మెచ్చుకుని వెళ్లేవాడు.

డాక్టరమ్మ వచ్చిన రోజు పొద్దున కట్టెల జట్టులో మొదటివాడు మా కుర్రాడే. చేతులకు కట్లతో, తను కొరికిన వాచ్‌మన్ వెంట, కట్టెలు కొట్టడానికి బయల్దేరాడు. అంత తెలివైన ఏర్పాటు చేయాలంటే పెద్ద చదువులు చదవాలి. మా సారు చదువుకోకుండానే చేశాడు.

ఆవిడ జీపు దిగారు. పిల్లలు స్వాగతగీతం పాడారు. సారు దండ వేయబోతే ఆవిడ చేత్తో అందుకుని, "నేను తనిఖీకి రాలేదండి," అన్నారు.

"అవ్ మేడం, తెలుసు మేడం," అంటూ సారు ఆవిణ్ని నేరుగా బియ్యం గదికి తీసుకెళ్లాడు. ఒక బస్తా విప్పి బియ్యం అరచేతిలో పోసి చూపించాడు.

"తనిఖీ కాదండీ. మీతో కూర్చుని మాట్లాడటానికి వచ్చాను."

"అట్లనే మేడం." ఈసారి మరుగుదొడ్లు చూపించాడు.

చివరికి ఆవిడే ఒక బెంచీ లాక్కుని కూర్చున్నారు. మేం నిలబడ్డాం. కూర్చోమంటే కూర్చున్నాం, పరీక్షహాల్లోలాగా దూరం దూరంగా.

"పిల్లల్లో మీకు బాగా కష్టంగా అనిపిస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడం. మా దగ్గర నూటికి నూరుపాళ్లు మానసిక ఆరోగ్యమే," అన్నాడు సారు. ఇంకాస్త అడిగితే నూట ఇరవై అనేవాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు కాని రోడ్డు మీద పొద్దున్నుంచీ ఎముకలు కుదుపుకుంటూ ఒక డాక్టరు వచ్చింది. ఆవిణ్ని ఎవరి గురించి అడగాలో వాడు అడవిలో తెగిన చేతులతో కట్టెలు ఏరుతున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న దూరం అరమైలు. ఆ అరమైలు నిండా గుడ్లు, సున్నం, కొబ్బరినూనె.

"ఒకడున్నడు మేడం. కట్టెలకు పోయిండు," అన్నాను.

"ఎందుకు?"

"మీరొస్తున్నరని."

సారు నా వైపు చూసిన చూపుకు తాత్కాలిక టీచర్లు ఇద్దరు ముగ్గురు కాలి బూడిదై పోవాలి. తర్వాత ఆయన ఆవిడ వైపు తిరిగి ఒక్కసారిగా పేలాడు.

"ఏం జేయమంటరు మేడం? మొన్నొకసారి పిలగాళ్లకు గజ్జుందని నేనే పోయి చెప్పిన. నాకు మెమో వచ్చింది. గజ్జికి మందు రాలే! ఇప్పుడు ఒకనికి మతి స్థిమితం లేదని చెప్తే? హాస్టల్ మూసేస్తరు. ఆ అవతలోళ్ల పిల్లలను ఉంచుకొమ్మని నీకెవడు చెప్పిండంటరు. ఆడు గాదు, అందరు పోతరు."

అంతవరకు నేను ఆయన్ను పిరికివాడనుకున్నాను. పిరికివాడే. కాకపోతే ఆ పిరికితనం కింద చాలామంది పిల్లలు తలదాచుకుంటున్నారు. ఈ సంగతి తెలిశాక నా కోపం తగ్గలేదు. మెమో ఇచ్చినవాడి మీదికి మళ్లింది.

డాక్టరమ్మ కలం మూసి సంచిలో పెట్టేశారు. "నేనేమీ రాయను. వాడు పరిగెత్తినప్పుడు మీరేం చేస్తారో చెప్పండి."

"పట్టుకుంటం మేడం."

"పట్టుకుంటే?"

"కొరుకుతడు."

"పట్టుకోకపోతే?"

సారు ఆలోచించాడు. "ఎన్నడు పట్టుకోకుండ లేం మేడం."

అక్కణ్నుంచి ఆవిడ మధ్యాహ్నం దాకా మాట్లాడారు. పట్టుకునే చెయ్యి ఎవరిదన్నది ఆ క్షణంలో వాడికి తెలియదు, వాడి ఒంటికి అది ఊళ్లో తరిమిన పాత చెయ్యే. దూరంగా, వాడికి కనబడేలా నేల మీద కూర్చోండి. వాడి పేరు, మీ పేరు, ఈ ఊరి పేరు మెల్లగా చెబుతూ ఉండండి. తలుపు పక్కన పడక ఇవ్వండి. పెద్ద చప్పుడు ఏదైనా మీరే చేయబోతుంటే ముందుగా చెప్పండి. ఏం జరిగిందని తవ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, వాణ్ని ఇక్కణ్నుంచి పంపేయకండి. వాడు పోగొట్టుకున్నది చోటే. వచ్చే నెల భద్రాచలం గిరిజన సంక్షేమ ఆఫీసుకు వస్తాను, తీసుకురండి, మందులు అవసరమేమో చూస్తాను అన్నారు. వెళ్లేముందు సారును అడిగారు: "మీకు నిద్ర పడుతోందా?"

"నాకెందుకు మేడం నిద్ర," అన్నాడాయన, ఎవరో తనది కానిది అంటగడుతున్నట్టు.

ఆ వారం అక్కకు కబురు పోలేదు. వంటింట్లో మళ్లీ ఏదో గిన్నె మూత జారిపడింది, కుర్రాడు పరిగెత్తాడు. ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటుతో సారు వెళ్లి ఎర్రమట్టిలో చతికిలబడ్డాడు. పిల్లలంతా కిటికీల్లో వేలాడారు. ఆయన హాజరు పిలిచినట్టు వాడి పేరు, తన పేరు, ఊరి పేరు గట్టిగా చదువుతున్నాడు. మెల్లగా అనమన్నారు కదా సార్ అని నేనంటే, "నువ్వు లోపలికి పోవయ్యా!" అని ఇంకా గట్టిగా అరిచాడు. అయినా కాసేపటికి ఆ కుర్రాడు చెట్ల అంచుకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఎవరినీ కొరకలేదు. ప్రతిసారీ ఇలాగే జరగలేదు. కానీ జరిగినప్పుడు జరిగింది.

నెల తిరిగాక ముగ్గురం బస్సులో భద్రాచలం వెళ్లాం. కుర్రాణ్ని బయట అరుగు మీద కూర్చోబెట్టి మేం ఆఫీసులోకి వెళ్తే, డాక్టరమ్మ రావడం లేదన్నాడు గుమాస్తా. ఇక ముందు కూడా రాదట.

"ఎందుకు?"

"అవసరం లేదని తేలింది సార్. అన్ని హాస్టళ్లు తిరిగిందామె. ఎక్కడ అడిగినా మా దగ్గర గసుంటి పిల్లలు లేరన్నరంట. లేనోళ్లకు సలహా ఎందుకని పైన బంద్ పెట్టిండ్రు."

ఆ మాట అరాయించుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. అంటే ఆవిడ వెళ్లిన ప్రతిచోటా ఆ పూట పిల్లలు కట్టెలకు పోయారు. మా దగ్గర ఒకడు బయటపడ్డా, ఆవిడ మాకిచ్చిన మాట ప్రకారం ఏమీ రాయలేదు. ఆ అడవిలో ఆ నెల అన్ని కట్టెలు ఏరిన చేతుల్లో ఒక్కటీ పైవాళ్లకు కనబడలేదు. మాకు భయం నేర్పినవాళ్లే, మేం భయపడి చెప్పిన అబద్ధాన్ని నిజమని నమ్మి, ఆ నిజం చూపించి డాక్టర్ని ఆపేశారు. ఇంత చక్కటి పని చేసినందుకు ఎవరికీ మెమో రాలేదు.

"మా దగ్గర ఉన్నడు. రాసుకో," అన్నాడు సారు.

"ఇప్పుడు రాసుకుంటే అప్పుడెందుకు చెప్పలేదని మీ మీదికే వస్తది సార్."

"రానియ్. రాసుకొమ్మంటున్న గద!"

గుమాస్తా రాసుకోలేదు. మీ మంచికే చెబుతున్నానన్నాడు. సారు బల్ల మీది కలం తీసి గుమాస్తా ముందు పెట్టాడు. నేను ఏదో జోకు వేయబోయి మానుకున్నాను.

బయటికి వచ్చేసరికి కుర్రాడు లేచి నిలబడి ఉన్నాడు. లోపలి అరుపులు విన్నాడు. వచ్చీరాని తెలుగులో అడిగాడు:

"డాక్టర్ రాలే?"

"రాలే."

"నేను అక్క కాడికి పోవాలె?"

"ఎవడన్నడు?" సారు గొంతుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. "ఎవడన్నడు పొమ్మని? యాడికి పోతవ్? నడువ్ హాస్టల్‌కు! రేపు లెక్కల పరీక్షుంది నీకు!"

వాడు పరిగెత్తుతాడేమోనని నేను గబగబా వాళ్లిద్దరి మధ్యకు వచ్చాను. వాడు పరిగెత్తలేదు. సంచి భుజానికి తగిలించుకుని, మా ఇద్దరికంటే ముందే బస్టాండు వైపు నడిచాడు.