కొండ మీద ఒక్క గీత సిగ్నల్

ఆ రోజుల్లో నా జాతకం అరచేతి గీతల్లో ఉండేది కాదు, ఫోన్ తెర మీద ఓ మూలన నిలబడే సిగ్నల్ గీతల్లో ఉండేది. మెల్బోర్న్‌లోని క్లేటన్‌లో ఒక అద్దె ఇంట్లో ఐదుగురం ఉండేవాళ్ళం. చదువు అయిపోయింది, వీసా ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది, ఉద్యోగం మాత్రం మొదలే కాలేదు. పెట్టిన దరఖాస్తులన్నిటికీ 'అన్‌ఫార్చునేట్లీ' అని మొదలయ్యే జవాబులే వచ్చేవి (ఆ మాట ఎక్కడ కనిపించినా ఇప్పటికీ ఆ కాగితం పక్కన పడేస్తాను). స్నానానికి వెళ్తే ఫోన్ సబ్బుపెట్టె పక్కన ఉండాలి. అన్నం తింటుంటే ఎడమచేతి కింద ఉండాలి. ఆ ఏడాది మొత్తం మీద నేను ఒకచోట కుదురుగా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు. అలాంటివాణ్ణి కొండెక్కించాలన్న బుద్ధి పుట్టింది మా పెద్దన్నకి.

పెద్దన్న అంటే సొంత అన్నేం కాదు. వరంగల్ మనిషి, ఇంట్లో అందరికన్నా రెండేళ్ళు పెద్ద, అందరికన్నా ముందు కారు కొన్నవాడు, అందుకని పెద్దన్న. నాది కాకినాడ. నేను కంగారుపడేకొద్దీ అతను నింపాదిగా తయారయ్యేవాడు. "అరే, గా ఫోన్ పక్కకు పెట్టురా. నువ్వు చూస్తేనే మోగుతదా అది?" అనేవాడు. మెల్బోర్న్‌కి నాలుగు గంటల దూరంలో, చలికాలం మంచు పడే ఆల్పైన్ కొండల కింద ఒక చిన్న ఊళ్ళో గది తీసుకుని, ఒక గురువారం నన్ను కార్లో కుదేసి బయల్దేరాడు. దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు ఈమెయిల్ వచ్చింది. డార్విన్‌లో ఒక ఆసుపత్రి, దాని కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం, ఫోన్లో ఇంటర్వ్యూ, రేపు మధ్యాహ్నం రెండింటికి! బంకులోనే ఎగిరి గంతేశాను. ఇంకో గంటకి ఆ ఊరు చేరేసరికి ఫోన్లో గీతలన్నీ చచ్చిపోయాయి. ఆ లోయ మొత్తానికి సిగ్నల్ లేదట. "అందుకే కదా డియర్, జనం ఇక్కడికి వచ్చేది" అంది గది తాళం ఇచ్చినావిడ, గర్వంగా.

"వెనక్కి పోదాం అన్నా, నీకు దణ్ణం పెడతాను. కనీసం ఆ పెట్రోల్ బంకు దాకా" అన్నాను.

"లారీల నడుమ నిలబడి ఇంటర్వ్యూ ఇస్తవా? హార్న్లు తప్ప నీ ముచ్చట ఇనవడదు అవతలోళ్ళకు. కొండ మీద ఫుల్ సిగ్నల్ ఉంటదిరా. పోయినేడు నేను పోయిన గద" అన్నాడు. నమ్మాను. అవసరం నాది కాబట్టి నమ్మాను.

మర్నాడు తొమ్మిదింటికి ఎక్కడం మొదలుపెట్టాం. ఇద్దరికీ కలిపి ఒక నీళ్ళ సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్. ఎందుకంత ధీమా అంటే, మ్యాపులో శిఖరం పక్కన 'హట్' అని రాసి ఉంది. మేం పుట్టి పెరిగిన చోట కొండ మీద గుడి లేకపోయినా ఫరవాలేదు గాని టీకొట్టు లేకుండా ఉండదు. "మిర్చి బజ్జీ దొరకకపోవచ్చు, చాయ్ మాత్రం గ్యారంటీ" అన్నాడు పెద్దన్న. నేను హారతి పళ్ళెంలా ఫోన్ ముందుకు పట్టుకుని, దారి చూడకుండా తెర చూసుకుంటూ నడిచాను. తెల్లటి బెరడు చెట్లు ఉన్నాయనీ, వాటి మధ్య పసుపు పూలు ఉన్నాయనీ తర్వాత పెద్దన్న ఫోటోల్లో చూసి తెలుసుకున్నాను. ఒక గీత వచ్చేది, "అన్నా, వచ్చింది!" అని అరిచేలోపు పోయేది. ఇదే శిఖరం అనుకుని రొప్పుతూ ఎక్కితే, దాని వెనక ఇంకోటి తాపీగా లేచి నిలబడేది. ఇలా మూడుసార్లు. పదకొండింటికి దారి రెండుగా చీలినచోట పెద్దన్న బోర్డు ముందు నిలబడి, దాన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా చదవసాగాడు.

"పోయినేడు వచ్చానన్నావుగా?"

"వచ్చిన అంటే... ఫోటోలు చూసిన."

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. కాకినాడలో కూడా అందరి ముందూ అనరు.

రెండింటికి ఇరవై నిమిషాలుందనగా పైకి చేరాం. అక్కడ నిజంగానే హట్ ఉంది: చెక్కతో కట్టిన ఒకే ఒక్క గది. లోపల వానకోటు వేసుకున్న ఒక పెద్దావిడ ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటోంది. "టీ హౌ మచ్?" అన్నాడు పెద్దన్న చేయి జేబులో పెడుతూ. ఆవిడ పడీ పడీ నవ్వి, ఫ్లాస్కు మూత నిండా పోసి అతని చేతికిచ్చింది. అది కొట్టు కాదట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రు విమానాలు వస్తాయేమోనని ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా కూర్చుని ఆకాశం కాపలా కాసిన గది అట. ఆవిడ అప్పుడప్పుడూ పైకొచ్చి తలుపు తీసి, నాలాంటివాళ్ళకి ఆ కథ చెబుతుందట. గోడకి పాతకాలపు ఫోను వేలాడుతోంది. యుద్ధ చరిత్ర గురించి నేను అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఈ ఫోను పనిచేస్తుందా?"

"యుద్ధం అయిపోయాక లేదు, లవ్" అంది ఆవిడ.

వాళ్ళమ్మ పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఇక్కడే కాపలా కూర్చుందట. విమానం కనబడితే మూడే మూడు ముక్కలు ఫోన్లో చెప్పాలి: ఎన్ని, ఎంత ఎత్తు, ఎటు వైపు. ఆవిడ చూపించిన కాపలావాళ్ళ పాత పుస్తకంలో మాత్రం పేజీ తిప్పినా తిప్పినా ఒకటే రాత, 'ఏమీ లేదు'. నా మెయిల్‌బాక్సు గుర్తొచ్చింది. "అన్నాళ్ళు ఏమీ రాకపోతే మీ అమ్మగారికి పిచ్చెక్కలేదా?" అన్నాను. "ఎక్కే ఉంటుంది. ఒకసారి గద్దని చూసి ఫోన్ చేసేసింది కూడా. ఒకటి, ఎత్తులో, ఉత్తరం వైపు! కానీ ఈ కొండలన్నీ ఆవిడకి వీధిలో ఇళ్ళలా తెలుసు" అంది. ఆ చివరి మాట నేను సగమే విన్నాను. గదిలో సిగ్నల్ లేదని అప్పటికే బయటికి పరిగెత్తుతున్నాను.

బయట రాళ్ళు పేర్చిన చిన్న గోపురం ఉంది, దాని మీద ఏ కొండ ఎటుందో చెక్కిన ఇత్తడి పలక. ఒక్క గీత, ఒకే ఒక్క గీత, అక్కడ దొరికింది. అదీ ఎలాగంటే, రాళ్ళ మీదికెక్కి, కుడిచేయి ఆకాశానికెత్తితేనే. గాలికి ఎగిరిపోకుండా పెద్దన్న నా బెల్టు పట్టుకున్నాడు. రెండయింది. మోగింది, అటువైపు ఒకావిడ. స్పీకర్లో పెట్టి, చేయెత్తి, ఎన్నికల ప్రచారంలోలా అరుస్తూ జవాబులు చెప్పాను. మొదటి నాలుగు ప్రశ్నలూ బాగానే గడిచాయి. అయిదోది ముక్కలుముక్కలుగా వచ్చింది: "వేర్ డూ యూ సీ..." గాలి. "...ఫైవ్..." మళ్ళీ గాలి.

"ఏమడిగింది అన్నా?" అన్నాను కంగారుగా.

"ఏం కనవడుతున్నదో అడుగుతున్నదిరా! అయిదు చెప్పు, జల్ది!"

ఇంటర్వ్యూలో అదేం ప్రశ్న అనిపించింది గాని, ఆసుపత్రి కదా, కంటి పరీక్షేమో అనుకున్నాను. మొదటిసారి తల పైకెత్తాను. అమ్మో! చుట్టూ కొండలే. దగ్గరివి ముదురు నీలం, వాటి వెనకవి లేత నీలం, ఇంకా వెనకవి ఆకాశమో కొండో తేలకుండా. వాటినన్నిటినీ నేను ఉదయం నుంచీ పక్కనే పెట్టుకుని తిరుగుతున్నాను. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. పలక చూసుకుంటూ అరిచాను. ఉత్తరాన కొండల వరసలు. పడమర లోయ, లోయలో నది. దక్షిణాన ఒక వాగులో ఇంకా కరగని మంచు. తూర్పున కాలిపోయిన అడవి, అడుగున కొత్త చిగుళ్ళు. అయిదోది దొరక్క గిలగిల్లాడుతుంటే తల మీదుగా ఒక గద్ద వెళ్ళింది. "వన్! హై! గోయింగ్ నార్త్!" అన్నాను గొంతు చించుకుని. హట్ గుమ్మంలో పెద్దావిడ చప్పట్లు కొట్టింది.

గాలి కాస్త తగ్గింది. తర్వాత, ఈసారి చాలా స్పష్టంగా, అటువైపు ఆవిడ అంది: "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని అడిగాను." నా కాళ్ళ కింద రాయి కదిలింది. పెద్దన్న బెల్టు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నేను 'సారీ' అనబోతుంటే ఆవిడే మళ్ళీ, "పరవాలేదు. నా కిటికీలోంచి కార్ పార్కింగ్ తప్ప ఏమీ కనబడదు. ఆ గద్ద ఇంకా ఉందా?" అంది. చూశాను. "ఉంది" అన్నాను. లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఉద్యోగం గోవిందా అనుకుని ఫోన్ సంచి అడుగున పడేశాను. దిగేటప్పుడు పసుపు పూలు చూశాను. పెద్దన్నని తిట్టాను, మళ్ళీ నవ్వాను, ఉన్న బిస్కెట్లు ఇద్దరం తిన్నాం. పదకొండు రోజుల తర్వాత వచ్చిన జవాబు 'అన్‌ఫార్చునేట్లీ'తో మొదలవలేదు. (దాన్ని పెద్దన్న చేత మూడుసార్లు చదివించుకున్నాను.)

ఇదంతా ఇప్పుడెందుకంటే, డార్విన్‌లో ఇన్నేళ్ళు గడిచాక ఆ రోజు నన్ను ఇంటర్వ్యూ చేసినావిడ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఊరంతా బల్లపరుపు, ఎక్కడానికి కొండ లేదు, కిటికీలోంచి అదే కార్ పార్కింగ్. పోయిన వారం క్లేటన్ నుంచి ఒక తెలుగమ్మాయిని వీడియోలో ఇంటర్వ్యూ చేశాను. పాపం, కళ్ళు ఒకచోట నిలవడం లేదు, మాటిమాటికీ సిగ్నల్ చూసుకుంటోంది. ఐదేళ్ళ ప్రశ్న అడగ్గానే బిగుసుకుపోయింది. నాకు మనసొప్పలేదు. "అది వదిలెయ్. నీకు అక్కడ్నుంచి ఏం కనబడుతోందో చెప్పు" అన్నాను ఇంగ్లీషులో. ఆ పిల్ల బిత్తరపోయి కిటికీ వైపు చూసి, "మా రూమ్మేట్ బట్టలు ఆరేసున్నాయ్ అంకుల్" అని తెలుగులో అనేసి, నాలుక్కరుచుకుని, "సారీ సారీ, సర్!" అంది.

పరవాలేదన్నాను. నన్ను నేను ఎక్కడ చూసుకుంటున్నానని కొండ మీద అడిగితే నేను చెప్పలేకపోయిన జవాబు, ఇన్నేళ్ళకి ఆ పిల్ల 'అంకుల్' అన్న ఒక్క మాటలో చెప్పేసింది.