వాసన పట్టని సారు

ముక్కున్న మనిషికి మురుగు చూపిస్తే చాలనుకోవడం నా తెలివితక్కువతనం. డెబ్బైల చివర్లో నంద్యాల మురుగుకాలువ కుందూ నదిలో కలిసే చోటికి, మా పేటవాళ్లం మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు గారిని ఎన్నిసార్లు పిలుచుకుపోయామో! ఆ కిందనే ఇసుకలో చెలమలు తవ్వుకుని మా ఆడవాళ్లు తాగేనీళ్లు ముంచుకునేవాళ్లు. ఇంటింటా పిల్లలకు విరేచనాలు.

ఆయన గట్టు దిగేముందు నశ్యం డబ్బీ తీసి, రెండు ముక్కుల్లోనూ దట్టించి, హాయిగా కళ్లు మూసుకుని అడిగేవారు: "వాసన యాడప్పా? నాకేం రాలేదే!"

"ఆ పొడి లేకుండా ఒక్కతూరి పీల్చు సామీ, నీకే తెలుస్తాది," అని బిందె పట్టుకున్న మా పెద్దమ్మ మొత్తుకునేది. వాసనే లేనప్పుడు కాలువ మళ్లించేదెందుకని ఆయన వెళ్లిపోయేవారు.

చివరిసారి ఆయన డబ్బీ తీయగానే, "నాకూ ఒక పట్టు ఇయ్యండి సార్," అని అందుకున్నాను. దండిగా పీల్చాను. తుమ్ము నిజంగానే వచ్చింది. డబ్బీ మురుగులో పడింది మాత్రం తుమ్మువల్ల కాదు.

"అబ్బా, ఏం కంపప్పా ఇది!" అంటూ ఆయన కండువాతో ముక్కు మూసుకున్నారు.

"యాడ సార్? నాకేం రాలేదే," అన్నాను.

నిజంగానే రాలేదు.