బాబాయి గుడ్డ లాగలేదు

మొన్న ఇందిరాపురంలో బాబాయి సంవత్సరీకానికి వెళ్ళాను. భోజనాలయ్యాక బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, తన పిల్లలకి ఫోటో చూపిస్తూ, "తాతగారు బహుత్ బఢియా టైలర్ థే. బాద్ మే హాథ్ బిగడ్ గయా, కపడా ఖీంచ్‌నే లగే," అన్నాడు. చెయ్యి పాడై గుడ్డ లాగడం మొదలుపెట్టారట. మా ఇళ్ళలో ఇన్నేళ్ళుగా చెప్పుకునే మాటే అది. అలవాటుగా నేనూ ఊఁ కొట్టాను. అది నిజం కాదని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర బాబాయి ఓఖ్లాలో, విదేశాలకి చొక్కాలు పంపే ఒక ఫ్యాక్టరీలో టైలరు. మెకానికల్ డిప్లొమా పట్టుకుని వచ్చిన నన్ను అక్కడే స్టోర్సులో పెట్టించారు. గోవింద్‌పురిలో వాళ్ళ ఒంటిగదిలోనే నేనూ ఉండేవాణ్ణి. పెళ్ళికి వెళితే బాబాయి పెళ్ళికొడుకు మొహం చూసేవారు కాదు, కాలరు చూసేవారు. "కుర్రాడు మంచివాడేరా, కుట్లే మరీ దూరం, ఇంచీకి ఏడు," అని నా చెవిలో అనేవారు. పిన్ని మోచేత్తో పొడిచేది. ఆయన మిషను వయసులో నాకంటే పెద్దది. దగ్గరికి వెళితే నూనె, వేడెక్కిన మోటారు, కొత్తగుడ్డ గంజి కలిసిన వాసన వచ్చేది. కుట్టు పొడవు మార్చడానికి కొత్తవాటికి ఉన్నట్టు దానికి అంకెల బిళ్ళ ఉండేది కాదు. సూదికి పక్కగా, మిషను అడుగుభాగం మీద ఒక చిన్న బొత్తాం ఉండేది. దాన్ని నొక్కిపట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఒకచోట బొత్తాం లోపలికి దిగి పట్టుకుంటుంది. అలాగే నొక్కి ఉంచి చక్రం జరపాలి. దాని అంచున చెక్కిన అక్షరాల్లో ఏది గుర్తుకి ఎదురుగా నిలిస్తే కుట్టు అంత పొడవు. బొత్తాం వదిలేశాక మార్చిన ఆనవాలేమీ పైకి కనిపించదు. గుడ్డని నెట్టే పళ్ళు లోపల ఎంత దూరం నడవాలో మాత్రం మారిపోతుంది.

ఒక మధ్యాహ్నం అందరూ మేడమీద అన్నాలు తింటుంటే నేను ఆ మిషను ముందు కూర్చున్నాను. పుస్తకంలో చదివినది వేళ్ళకి తెలియాలని కోరిక. బొత్తాం దిగింది, చక్రం కదిలింది, రెండక్షరాలు దాటింది. ఎంత సంతోషించానో! అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తే వదిలేసి లేచిపోయాను. సాయంత్రం బాబాయి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గబగబా వచ్చి పాత అక్షరానికి తిప్పేశాను. ఎవరికీ తెలియకుండా సరిచేశానని మురిసిపోయాను కూడా. మధ్యలో ఆయన ముదురు నీలం గుడ్డ మీద అదే రంగు దారంతో, సరుకు వెళ్ళాలన్న హడావుడిలో, ఒక పూటంతా కాలర్లు కుట్టారు.

మర్నాడు పొద్దున్న సూపర్‌వైజరు ఆ కట్ట తెచ్చి ముందు పడేశాడు. "మాస్టర్‌జీ, యే క్యా హై? బారహ్ కీ జగహ్ ఆఠ్?"

పన్నెండు కుట్లు పడాల్సిన ఇంచీలో ఎనిమిదే ఉన్నాయి. బాబాయి ఒక పీలిక తీసి కుట్టారు. బొటనవేలి గోరుతో లెక్కపెట్టారు. పన్నెండు. మళ్ళీ కుట్టారు. మళ్ళీ పన్నెండే. మిషను తప్పు లేదని తేలిపోయింది. ఇక మిగిలింది ఒకటే. వెనక నుంచి చెయ్యి గుడ్డని లాగితే కుట్టు సాగుతుంది. పని నేర్చుకునే రోజుల్లో అందరూ చేసే తప్పది.

"ఖీంచ్ రహే హో, మాస్టర్‌జీ! ఉమర్ హో గయీ," గుడ్డ లాగుతున్నారు, వయసైపోయిందని అవతలి వరసలో ఎవరో నవ్వారు. బాబాయి తన ఎడమచేతిని తిప్పి చూసుకుంటున్నారు. దారపు డబ్బా పట్టుకుని నేను స్టోర్సు గుమ్మంలోనే నిలబడ్డాను.

ఎవరూ పొమ్మనలేదు. ఆ వారంలోనే ఆయనే మానేశారు.

పదిహేను రోజులకి, ఒక ఆదివారం, పిన్ని కూరలకి వెళ్ళినప్పుడు, "బాబాయ్, ఆ రోజు నీ మిషను తిప్పింది నేనే," అని మొత్తం చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నేను కుట్టి చూశాగా. పన్నెండే పడ్డాయి."

"సాయంత్రం నేనే వెనక్కి తిప్పేశాను."

"నా మిషను మీద ఇంకోడు చెయ్యేస్తే నాకు తెలీదురా?" అని నవ్వి, నా భుజం తట్టారు. "అబద్ధమైనా డిప్లొమా చదివినోడిలా చెప్పావు. నీ మనసు మంచిది. మీ పిన్నికి మాత్రం చెప్పకు, నమ్మేస్తుంది."

ఒట్టు వేశాను, ఏడ్చాను. ఏడ్చినకొద్దీ ఆయన నన్నే ఓదార్చారు. చెయ్యి లాగితే కుట్లు అంత సమంగా పడవని నిరూపిద్దామంటే ఆ కాలర్లు అప్పటికే విప్పి మళ్ళీ కుట్టేశారు. తరవాత బాబాయి ఒక బడి గేటు దగ్గర పనికి కుదిరారు. పిన్ని జాకెట్లు బయట కుట్టించుకునేది. ఆయన మాత్రం ఇంట్లో ఊడిన గుండీ కూడా కుట్టలేదు.

మొన్న బయల్దేరే ముందు లిఫ్టు దగ్గర ఇదంతా తమ్ముడికి చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకుని, "ఛోడో నా భయ్యా. పాపా భీ కహతే థే, ఆప్ దిల్ కే బహుత్ అచ్ఛే హో," అన్నాడు. వదిలెయ్యమనీ, నా మనసు చాలా మంచిదని వాళ్ళ నాన్న కూడా అనేవారనీ.

ఆ పొద్దున్న నోరు విప్పి ఉంటే అది నిజం అయ్యేది. పదిహేను రోజులు ఆగేసరికి ఓదార్పు అయింది. ఇన్నేళ్ళు గడిచేసరికి, నేనెంత కాదన్నా, నా మంచితనమై కూర్చుంది.