ఎర్ర కడియం పెట్ట

1963 జూన్‌లో నన్ను లక్సెట్టిపేట దగ్గరి ఒక చిన్న ప్రభుత్వ కోళ్ల ఫారానికి స్టాక్‌మన్‌గా వేశారు. స్టాక్‌మన్ అంటే పశువుల డాక్టరు కింద సూదులు వేస్తూ, రిజిస్టర్లు రాసే ఉద్యోగి. నా కింద ఉన్నది ఒక్క రాజవ్వే. రోజుకూలీ మీద షెడ్డు ఊడ్చి, దాణా పోసేది.

షెడ్డులో నలభై తెల్ల లెగ్‌హార్న్ జాతి కోడిపెట్టలు. గుర్తుకోసం కొన్నిటి కాళ్లకు రంగు కడియాలు తొడిగాం. ఎర్ర కడియం పెట్ట తొట్టి దగ్గరికి వస్తే మిగతావన్నీ తప్పుకునేవి. తప్పుకోనిదాన్ని అది నెత్తిమీద పొడిచేది. తనిఖీకి వచ్చిన డాక్టరుగారు అది చూసి, దాన్ని వేరే షెడ్డులో పెట్టమన్నారు. మిగతావి బెదురులేకుండా తిని ఎక్కువ గుడ్లు పెడతాయన్నారు. నాకూ సబబుగానే తోచింది.

రాజవ్వకు తోచలేదు. "దాన్ని తీయకు సారూ. గా ఎర్రది ఉంటెనే గివన్ని సక్కగుంటయి," అంది. పైవారి ఆర్డరు కదా, తీసేశాను.

మూడోరోజుకు షెడ్డంతా ఈకలు. అంతవరకు తలవంచుకుని తిన్న పెట్టలు ఒకదానిమీద ఒకటి ఎగబడ్డాయి. రెండు చచ్చాయి. గుడ్లు బాగా తగ్గాయి. ఏది దేన్ని పొడుస్తోందో కాగితం మీద రాయబోయాను. నీలం కడియం పసుపుదాన్ని పొడిచింది. పసుపుది ఆకుపచ్చదాన్ని పొడిచింది. ఆ ఆకుపచ్చది పోయి నీలందాన్నే పొడిచింది! వీటిలో పెద్దది ఏదని రాయను? నెల తర్వాత ఎర్ర కడియాన్ని తెచ్చి వదిలితే, అన్నిటికన్నా బక్కది దాన్ని మూలకు తరిమింది. అది ఎదురు తిరగనే లేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు.

డాక్టరుగారు మళ్లీ వచ్చారు. రాజవ్వ దాణా ఎత్తుకుపోవడం వల్లనే గుడ్లు తగ్గాయని రాయమన్నారు, ఆమెను పనిలోంచి తీసేద్దామన్నారు. దాణా రోజూ నేనే తూచి ఇచ్చేవాణ్ణి, ఎన్నడూ తగ్గలేదు. ఆ మాట చెప్పకుండా రిజిస్టరు తెరిచాను. రాజవ్వే చీపురు పక్కన పెట్టి ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎర్రదాన్ని తీయుమన్నది నువ్వే గద సారూ. గప్పటిసంది కొట్లాడుకుంటున్నయి. నేనేం జేసిన?"

ఆయన నావైపు చూశారు. నేను తల ఊపాను. ఎవరి మాటకు ఊపానో నాకే తెలియదు. ఆయన, కారణం తేలలేదని రాయమని చెప్పి జీపెక్కారు. అలాగే రాశాను. రాజవ్వ పని పోలేదు.

మర్నాడు ఆమెకు ఏదో సంజాయిషీ చెప్పబోయాను. "ఫికర్ జెయ్యకు సారూ. గాయన సుత నీలెక్కనే భయపడ్డడు," అంది. జీపులో తిరిగే ఆఫీసరు రోజుకూలీ మనిషికి భయపడటమేమిటో ఆనాడు నాకు బోధపడలేదు.

తర్వాతి సర్వీసులో, ఫలానా గడుసు గుమాస్తాను బదిలీ చేస్తే ఆఫీసు బాగుపడుతుందని ఎవరన్నా, ఆ పెత్తనం కోసం తర్వాత ఎవరెవరు తగువు పడతారని ముందు అడిగేవాణ్ణి. ఆ షెడ్డులో నేర్చుకున్నది అంతవరకే. మనుషుల్లో ఎవరు ఎవరికి వెరుస్తారన్నది హోదాను బట్టి చెప్పడం నాకు చేతకాలేదు.